‘సాటర్డే నైట్ ఫీవర్’: టోనీని సినిమా తేలిగ్గా వదిలేసిందా?

చిత్రప్రియ: తెల్ల సూటు, బీ గీస్ బృందం పాటలు, జాన్ ట్రవోల్టా అడుగులు. ఈ సినిమా అనగానే అందరూ ఇవే చెబుతారు. కారులో కథానాయకుడు టోనీ స్నేహితులు ఆనెట్ అనే అమ్మాయిపై చేసే అత్యాచారం గురించి ఎవరూ మాట్లాడరెందుకు? డిగ్రీ చదువుతున్న మా అమ్మాయితో కలిసి చూద్దామనుకుంటున్నాను. ఇప్పటికీ దీన్ని గొప్ప సినిమా అనవచ్చా?

నేల టికెట్: అనవచ్చు. ఇది డాన్సు సినిమా అన్న పేరు రావడంలో స్టూడియో చేయి కూడా ఉంది. 1977 డిసెంబరులో పెద్దల కోసం విడుదలైన చిత్రాన్ని, బూతులూ హింసా కత్తిరించి 1979లో మళ్లీ వదిలారు.

అసలు రూపంలో టోనీ మనెరో (ట్రవోల్టా) న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని బే రిడ్జ్‌లో రంగుల దుకాణంలో పనిచేసే 19 ఏళ్ల కుర్రాడు. జీతం నాలుగు డాలర్లు పెరిగిందని సంబరంగా చెబితే, పని పోయి ఇంట్లో ఉన్న తండ్రి ఆ నాలుగు డాలర్లకు ఈ రోజుల్లో మూడు డాలర్ల సరుకు కూడా రాదని ఎగతాళి చేస్తాడు. తనను బాగున్నావని మెచ్చుకున్నది బతుకులో రెండేసార్లని, ఒకటి ఈ జీతమని, రెండోది డిస్కోలో డాన్సని కొడుకు ఉక్రోషంగా అంటాడు. ఆ కుర్రాడికి శనివారం రాత్రి ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఈ ఒక్క ఘట్టం చాలు. డాన్సు పోటీలో ప్యూర్టోరికో జంట తనకన్నా బాగా ఆడిందని గుర్తించి బహుమతి వాళ్ల చేతిలో పెట్టేదీ అతడే, కాసేపటికే తన డాన్సు జోడీ స్టెఫనీని బలాత్కరించబోయేదీ అతడే. దర్శకుడు జాన్ బాదమ్ ఈ రెండింటిలో ఏదీ దాచలేదు.

వెన్నెల రాత్రి: నేల టికెట్ గారూ, దాచలేదు, నిజమే. మరి ఆనెట్ సంగతి ఏమిటి? ఏడుస్తున్న ఆ అమ్మాయిని ఓదార్చకపోగా, తప్పంతా ఆమెదే అన్నట్టు నీచమైన మాట అనేది టోనీయే. అంతలో వెరజానో వంతెన మీది నుంచి టోనీ స్నేహితుడు బాబీ పడిపోతాడు, కథలోని దుఃఖమంతా అటు మళ్లుతుంది. ఆనెట్ గురించి మళ్లీ ఊసే లేదు. టోనీ మాత్రం రాత్రంతా సబ్‌వేలో తిరిగి స్టెఫనీ తలుపు తడితే ఆమె లోపలికి రానిచ్చి, స్నేహితులుగా ఉందామంటుంది. తన మీద పడ్డవాడితో! చూపించినంత మాత్రాన సరిపోతుందా?

పాత పత్రికలు: ‘ఆ కాలపు కుర్రాళ్లు అలాగే ఉండేవారు’ అన్న వాదన ఎలాగూ వస్తుంది కాబట్టి ఒక మాట. ఈ సినిమాకు ఆధారం 1976లో నిక్ కోన్ అనే పాత్రికేయుడు ‘న్యూయార్క్’ అనే పత్రికకు రాసిన వ్యాసం. అది చాలావరకు కల్పించి రాసిందేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ఆ వాదనకు ఈ సినిమాను సాక్ష్యంగా తెస్తే చెల్లదు.

నేల టికెట్: వెన్నెల రాత్రి గారూ, స్టెఫనీ తలుపు తీసిన ఘట్టాన్ని నేను సమర్థించను. అది రచయిత తొందర. బాబీ చావు దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. ప్రియురాలు గర్భవతై దిక్కుతోచక అందరినీ సలహా అడుగుతూ తిరిగిన పిల్లవాడు అతడు. ఫోను చేస్తానన్న టోనీ చేయలేదు. ఆ చావుకు టోనీ నిర్లక్ష్యమూ కారణమని సినిమా స్పష్టంగానే చెప్పింది.

వెన్నెల రాత్రి: బాబీ విషయంలో చెప్పింది, ఒప్పుకుంటాను. ఆనెట్ విషయంలో అదే పని చేయలేదన్నదే నా అభ్యంతరం. చిత్రప్రియ గారూ, చూసేటట్టయితే కత్తిరించని రూపమే చూడండి. ఎలాంటి ఘట్టాలున్నాయో మీ అమ్మాయికి ముందే చెప్పండి.