"డామిట్! కథ అడ్డంగా తిరిగింది": ఈ "అడ్డంగా"ను మార్చవచ్చా?

అందరికీ నమస్కారం. ఒక్క మాట మీద మా క్లాసులో మూడు రోజులుగా గొడవ నడుస్తోంది, మాలో మేం తేల్చుకోలేక ఇక్కడికి తెచ్చాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. పాత రంగస్థల నాటకం ఒకటి తీసుకుని, అది ఇప్పుడు ఫోన్లలో జరుగుతున్నట్టు తయారుచేసి ఆన్‌లైన్లో పెట్టాలి, ఈ ఏడాది వాళ్లకిచ్చిన పని ఇదీ. ఒక జట్టు కన్యాశుల్కం పట్టుకుంది, పెళ్లికొడుకు దగ్గర డబ్బు తీసుకుని చిన్నపిల్లల్ని ముసలివాళ్లకిచ్చే ఆచారం మీద గురజాడ అప్పారావు రాసిన నాటకం. గురజాడ పోయింది 1915లో కాబట్టి హక్కుల బెంగ లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. ఏడంకాల నాటకాన్ని పన్నెండు నిమిషాల వీడియోలోకి దించారు. మనుషులెవరూ కనపడరు, తెర నిండా వాట్సాప్ గ్రూపే, మెసేజీలు వస్తుంటాయి, కొన్ని డిలీట్ అవుతుంటాయి, అంతే. గ్రూపు పేరు "బొంకులదిబ్బ". నాటకంలో తెర లేచేది విజయనగరంలోని ఆ చోటే కదా. బొంకు అంటే అబద్ధమని చెప్పగానే గ్రూపుకి ఇంకో పేరు వద్దన్నారు.

నిజం చెప్పాలంటే వాళ్ల తెలివికి నాకు చాలా ముచ్చటేసింది. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వకుండా ఆపాలని, ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి అతనికి కట్టబెడతాడే, దాన్ని ఫేక్ ప్రొఫైల్ చేశారు. వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లడం, డీపీ మార్చి కొత్త నంబరుతో మాట్లాడటం అయింది. ఎవరైనా గ్రూపులోకి వస్తే "ప్రవేశించును" అని, వెళ్లిపోతే "నిష్క్రమించును" అని వస్తుంది, పాత నాటకాల రంగసూచనలే. సుబ్బికి మాత్రం నంబరే పెట్టలేదు. మర్చిపోయారేమో అనుకుని అడిగితే, "పెళ్లి ఆ పిల్లదే గానీ ఆ పిల్లనెవరూ అడగరు కదా మేడమ్, ఇక గ్రూపులో ఎందుకుంటుంది" అన్నారు. పదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు.

గొడవంతా చివరి మాట దగ్గర వచ్చింది. నాటకం ముగిసేది మాయమాటల గిరీశం నోట: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." వీళ్లు దాన్ని తీసేసి "ఛ, ప్లాన్ ఫ్లాప్" అని పెట్టారు. నేను ఒప్పుకోలేదు. "ఇప్పటి భాషలో రాయమంది మీరే కదా మేడమ్" అన్నారు. అదీ న్యాయమే. ప్రసిద్ధమైన వాక్యం, ముట్టుకోకూడదు అంటే వాళ్లకది జవాబు కాదు, నాకూ కాదు. అందుకే ఆ మాటలో ఏముందో తవ్వి చూపించాలని కూర్చున్నాను.

నాకు తోచింది ఇది. "అడ్డం తిరగడం" పాతబడ్డ మాట కాదు, మనం రోజూ వాడేదే. బేరం కుదిరాక అమ్మేవాడు అడ్డం తిరుగుతాడు. పెళ్లి ఖాయమనుకున్నాక మేనమామ అడ్డం తిరుగుతాడు. పిల్లలు తెల్లారి లేస్తే "అడ్డంగా బుక్కయ్యాను", "అడ్డంగా దొరికిపోయాడు" అంటూనే ఉంటారు. నూరేళ్ల కిందటి నాటకంలోని మాట వీళ్ల నోట్లో ఇంకా ఆడుతోందంటే దాన్ని ఇప్పటి భాషలోకి మార్చే పనేముంది? ఇప్పటి భాషే కదా అది.

మరి "ఫ్లాప్"కీ "అడ్డంగా తిరగడాని"కీ తేడా ఎక్కడుంది, మీ మీ ప్రాంతాల్లో దీన్నెలా అంటారు, చెప్పండి. రేపు క్లాసులో నాకు పనికొస్తుంది.

జవాబు 1

మేడమ్ గారూ, నేను ముప్ఫై ఏళ్లుగా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. మా దగ్గర ఈ మాట లేకుండా రోజు గడవదు. సాక్షి అడ్డం తిరిగాడు అంటాం. స్టేషన్లో ఒకటి చెప్పి బోనెక్కాక ఇంకొకటి చెప్పేవాడన్నమాట. గమనించండి, సాక్షి రాకపోతే ఆ మాట అనం, చచ్చిపోతే అనం. మనవాడే అనుకున్నవాడు, మనం వెంటబెట్టుకుని తెచ్చినవాడు, అక్కడ నిలబడి మాట మారిస్తేనే అడ్డం తిరిగాడంటాం. ఫ్లాప్ అంటే ఎవరూ ఏమీ చేయకపోయినా కావచ్చు. అడ్డం తిరగాలంటే అంతదాకా మన చేతిలో నడిచిందై ఉండాలి. గిరీశం సంగతీ అదే కదా. సుబ్బి అక్క, చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మను లేవదీసుకెళ్లాడు, వితంతు వివాహం మీద ఉపన్యాసాలిచ్చాడు, సౌజన్యారావు గారిని నమ్మించాడు, అంతా తాను తోలిన దారినే వచ్చింది, చివర్లో తిరిగింది.

జవాబు 2

మా కరీంనగర్ దిక్కు "కథ ఉల్టా అయింది", "ఉల్టా కొట్టింది" అంటరు. మా నాన్న ఇప్పటికీ గదే అంటడు. కానీ మేడం, ఉల్టాకూ అడ్డానికీ నాకైతే ఫరక్ కొడుతది. ఉల్టా అంటే కిందిది మీదికి, మీదిది కిందికి. తలకిందులైంది అని మీరనేది అదే. అడ్డం అంటే అట్ల కాదు, తొవ్వల బండి అడ్డం తిరిగి ఆగినట్టు. ముందటికి పోదు, ఎనుకకు రాదు, ఎనుక వచ్చేటోళ్లు కూడా ఆగుడే. పిల్లలు మా దిక్కు భాషల జేస్తే "ఉల్టా" పెట్టొచ్చు, తప్పేం లేదు. గిరీశం మాత్రం విజయనగరపోడు కదా, ఆయన మాట ఆయన నోట్లనే ఉండనియ్యండి.

జవాబు 3

నేను నర్సుని, సాహిత్యం పెద్దగా తెలీదు, అయినా ఈ మాట చూసి ఆగలేకపోయాను. మా లేబర్ రూములో ముసలమ్మలు వాడే మాట ఇది. "బిడ్డ అడ్డం తిరిగిందంటమ్మా" అంటారు. తల కిందికి రావాల్సిన బిడ్డ పొట్టలో అడ్డంగా పడుకుని ఉంటే ఆ మాటంటారు. ఇప్పుడైతే ఆపరేషన్ ఉంది, పాత రోజుల్లో ఆ మాట వింటే ఇంట్లో అందరి ముఖాలూ పాలిపోయేవట. మా అమ్మమ్మ ఆ మాటని మామూలు గొంతుతో అనేది కాదు. అందుకే నాకు "అడ్డంగా తిరిగింది" అంటే నవ్వులాట మాటగా వినపడదు.

మొదటి పోస్టు పెట్టిన నేనే

ముగ్గురికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నర్సమ్మగారు చెప్పింది చదివాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మీరన్న మూడూ కలిపి చూస్తే దగ్గర దగ్గర మాటల మధ్య గీతలు తేటగా కనిపిస్తున్నాయి. బెడిసికొట్టడం అంటే చేసినవాడి మీదికే వచ్చి తగలడం. ఎదురు తిరగడం అంటే ముఖాముఖి తలపడటం, దానికి ధైర్యం కావాలి. తలకిందులవడం అంటే మొత్తం కూలడం. అడ్డం తిరగడంలో కూలడమూ లేదు, తగలడమూ లేదు, దారి ఉన్నదే, బండీ ఉన్నదే, ఎద్దుల చూపే వేరే వైపుకి మళ్లింది. గిరీశానికి ఆఖర్న జరిగింది సరిగ్గా అంతే. అతనికి శిక్ష పడలేదు, జైలు లేదు, బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి వెళ్లడానికి నిర్ణయమైపోయింది. అతను మాత్రం నడి రోడ్డు మీద మిగిలాడు.

ఇక "కథ" అన్న మాట. దీని గురించి నేను రాయలేదు గానీ అసలు విషయం ఇందులోనే ఉందని నిన్న క్లాసులో తెలిసింది. "ప్లాన్" అని పెట్టిన పిల్లాడితో చివరి బెంచీ అమ్మాయి ఒకతె అంది కదా, "ప్లాన్ అయితే గిరీశం ఒక్కడిదే, కథ అయితే అందరిదీనూ. అతనికి అడ్డం తిరిగింది గానీ బుచ్చమ్మకి అప్పుడే సాఫీ అయింది." క్లాసంతా ఒక్కసారి గప్‌చుప్. మనం "వాడి కథ తేలుస్తా" అంటాం, "కథలు చెప్పకు" అంటాం, "కథ నడిపిస్తున్నాడు" అంటాం. అల్లినదీ కథే, జరిగినదీ కథే, రెండింటికీ మనకు ఒకే మాట. గిరీశం అల్లింది వాడికి అడ్డంగా తిరిగితే, జరుగుతున్నది బుచ్చమ్మకి నిలువుగా నిలబడింది. "ప్లాన్"లో ఈ రెండో అర్థానికి చోటు లేదు.

ఆ పిల్లకి, నాటకానికి గురజాడ రాసిన ముందుమాటలోని లెక్క చూపించాను. ఆనాటి విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లు పట్టీ వేయిస్తే 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. చదివి, "ఇన్ని కథలు ఎవరికీ అడ్డం తిరగలేదు" అంది. దానికి నేనేం చెప్పగలను?

ఇంకొక్క సంగతి. మన కథలు కంచికి వెళ్తాయి, మనం ఇంటికి వెళ్తాం. సంస్కృత నాటకాలైతే భరతవాక్యంతో, లోకానికి మేలు కోరుతూ ముగుస్తాయి. గురజాడ ఆ చోట ఒక మోసగాడి నోటి నుంచి ఇంగ్లీషు తిట్టునీ తెలుగు నుడికారాన్నీ పక్కపక్కన పెట్టి తెర దించేశాడు. "డామిట్" అతను నేర్చుకున్న చదువు, "అడ్డంగా తిరిగింది" అతను పుట్టిన ఊరు. కంగారులో రెండూ ఒక్కసారే బయటికొచ్చాయి. "ఛ, ప్లాన్ ఫ్లాప్" అంటే చదువే మిగిలి ఊరు పోతుంది.

జవాబు 4

మేడమ్, నేను మీ జట్టులోని విద్యార్థినే, మీరు పంపిన లింకుతో ఇక్కడ చేరాను. అందరి జవాబులూ మా జట్టు కూర్చుని చదివాం. మాట మార్చడం లేదు, అలాగే పెడుతున్నాం. కానీ ఒక డౌట్. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" ఒకే మెసేజ్‌గా పెట్టాలా, రెండుగానా? ఒకే దాంట్లో పెడితే ముందే ఆలోచించి టైప్ చేసినట్టుంది. రెండుగా పెట్టి చూశాం. మొదట "డామిట్!" వస్తుంది. తర్వాత పైన "టైప్ చేస్తున్నారు" అని కనపడి, ఆగిపోయి, మళ్లీ కనపడి, మళ్లీ ఆగిపోయి, అప్పుడు "కథ అడ్డంగా తిరిగింది" వస్తుంది. మధ్యలో తొమ్మిది సెకన్లు. చూసినవాళ్లు ఊపిరి బిగబట్టారు. "తిరిగింది" తర్వాత చుక్క పెట్టాలా వద్దా అని కూడా కొట్టుకుంటున్నాం.

మొదటి పోస్టు పెట్టిన నేనే

రెండుగానే పెట్టు నాన్నా. స్టేజీ మీద మంచి నటుడు "డామిట్" తర్వాత ఆగుతాడు, ఆ తొమ్మిది సెకన్లు మీకు మీరుగా కనిపెట్టారు. చుక్క పెట్టు, అది చివరి వాక్యం. "గా" మాత్రం జారిపోనివ్వకు, మనం మాటల్లో "అడ్డం తిరిగింది" అనేస్తాం కాబట్టి టైపింగులో అదే పడిపోతుంది. పుస్తకంలో "అడ్డంగా" అనే ఉంది. ఆ ఒక్క అక్షరం తీసి పైకి చదివి చూడు, "అడ్డం తిరిగింది" అని గబుక్కున అయిపోతుంది. "అడ్డంగా" అంటే నోరు ఒక్క క్షణం సాగుతుంది, జరిగింది అతనికి అప్పుడప్పుడే తెలుస్తున్నట్టు.

రెండు టిక్కులు నీలంగా మారాక ఎవరూ జవాబివ్వకుండా ఉంచండి. ఆ తర్వాత, బుచ్చమ్మ పేరు పక్కన "నిష్క్రమించును" అని పడాలన్న మీ స్నేహితురాలి ఆలోచన నాకు నచ్చింది, అది ఉంచండి. లుబ్ధావధాన్లు స్టిక్కర్లు రెండు తగ్గించండి, అవి ఎక్కువయ్యాయి. శుక్రవారం లోపు అప్‌లోడ్ చేసి లింకు ఇక్కడే పెట్టు, వకీలు గారూ, కరీంనగర్ అన్నగారూ, నర్సమ్మగారూ ముందు చూడాలి.