హెచ్4 మీద కొత్తగా వచ్చా, ఇక్కడ గవర్నమెంట్ సెక్యూరిటీ జాబ్స్‌లో ఎలాంటి బ్యాక్‌గ్రౌండ్ వాళ్ళుంటారు?

కొత్తగా దిగిన చెల్లి:
అందరికీ నమస్తే అండీ. ఈమధ్యే అమెరికా వచ్చాం, నాది హెచ్4, అంటే మావారి హెచ్1బీ మీద వచ్చిన వీసా, ఈఏడీ అనే వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. ఇండియాలో ఐదారేళ్ళు ఐటీ ఆడిట్‌లో చేశా, బ్యాంక్ క్లయింట్లకి యాక్సెస్ రివ్యూలు (ఏ సిస్టమ్‌లోకి ఎవరికి పర్మిషన్ ఉందో చూడటం), ఐఎస్ఓ 27001 అనే సెక్యూరిటీ స్టాండర్డ్‌కి ఎవిడెన్స్ పోగెయ్యడం, రిపోర్టులు రాయడం ఇవే ఎక్కువ. కోడింగ్ అంతంతమాత్రం, హ్యాకింగ్ అస్సలు రాదు. మావారి ఫ్రెండ్ ఒకాయన గవర్నమెంట్ సెక్యూరిటీ స్టేబుల్ అమ్మా అటు వెళ్ళు అంటున్నారు. నాలాంటి వాళ్ళని తీసుకుంటారా, లేక అందరూ మిలిటరీ వాళ్ళేనా?

మేరీలాండ్ బాబాయ్:
అమ్మా, చేదు ముందే మింగేద్దాం. ఫెడరల్ ఏజెన్సీలో నేరుగా ఉద్యోగం అంటే దాదాపుగా సిటిజెన్స్‌కే, 1976 నాటి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 11935 ఇంకా నడుస్తోంది, మినహాయింపులు ఉన్నా అవి అరుదు. రహస్య సమాచారం చూడనిచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలన్నా సిటిజెన్‌షిప్పే, గ్రీన్ కార్డ్ సరిపోదు. పైగా 2025 జనవరిలో హైరింగ్ ఫ్రీజ్ పెట్టాక ఆ స్టేబుల్ అన్నమాట కూడా జాగ్రత్తగా వాడాలి. కాబట్టి ఆ తలుపు నీకు ఇప్పుడు మూసే ఉంది, కానీ ఆ ఇంటికి తలుపు అదొక్కటే కాదు.

ఇక బ్యాక్‌గ్రౌండ్ సంగతి. నేను కాంట్రాక్టర్ వైపు ఐఎస్ఎస్ఓగా చేస్తా, అంటే ఒక సిస్టమ్ సెక్యూరిటీ కాగితాలకీ కంట్రోల్స్‌కీ, అంటే పాటించాల్సిన రక్షణ నియమాలకీ, జవాబుదారీ. మా టీముల్లో ఆర్మీలో సిగ్నల్స్ చేసొచ్చినవాళ్ళు ఉన్నారు నిజమే, కానీ హెల్ప్‌డెస్క్ నుంచి ఎదిగినవాళ్ళు, సర్వర్ అడ్మిన్లు, అకౌంటింగ్ ఆడిట్ వదిలేసి వచ్చినవాళ్ళు, టెక్నికల్ రైటర్‌గా మొదలైన ఒకావిడ కూడా ఉన్నారు, నిజం చెప్పాలంటే మా అందరిలో సిస్టమ్ సెక్యూరిటీ ప్లాన్ చదివితే అర్థమయ్యేలా రాసేది ఆవిడొక్కతే. ఫెడరల్ ఐటీ ఉద్యోగాల సిరీస్ 2210 అంటారు, దాంట్లో ఫలానా డిగ్రీ ఉండి తీరాలని లేదు, అనుభవంతోనే క్వాలిఫై అవ్వొచ్చు.

పైవాళ్ళని చూసినా అంతే. మొదటి ఫెడరల్ సీఐఎస్ఓ, అంటే సెక్యూరిటీ పెద్ద, గ్రెగరీ టౌహిల్, 2016లో వచ్చాడు, ఎయిర్‌ఫోర్స్ రిటైర్డ్ బ్రిగేడియర్ జనరల్. సైబర్ సెక్యూరిటీ చూసే సిసా ఏజెన్సీకి మొదటి డైరెక్టర్ క్రిస్ క్రెబ్స్ లా చదివినోడు, అక్కడికి ముందు మైక్రోసాఫ్ట్‌లో పాలసీ చూశాడు. ఆయన తర్వాత 2021లో వచ్చిన జెన్ ఈస్టర్లీది ఆర్మీ, ఎన్ఎస్ఏ అనే నిఘా ఏజెన్సీ, ఆ మీదట మోర్గన్ స్టాన్లీ బ్యాంక్. అసలైన హ్యాకర్ కావాలంటే మడ్జ్ అని పిలిచే పీటర్ జాట్కో ఉన్నాడు, 1998లో తన గ్యాంగుతో సెనేట్ ముందు కూర్చుని 30 నిమిషాల్లో ఇంటర్నెట్ పడగొట్టగలం అని చెప్పిన బ్యాచ్ అది, 2010లో అదే మనిషిని డిఫెన్స్ రీసెర్చ్ ఏజెన్సీ డార్పా పిలిచి ఉద్యోగం ఇచ్చింది. కానీ అలాంటోళ్ళు కోటికొకరు, రోజువారీ పని చేసేది మాలాంటి కాగితాల పురుగులే.

నీ సంగతికొస్తే, నువ్వు చేసిన యాక్సెస్ రివ్యూ ఇక్కడ ఏసీ-2 అనే కంట్రోల్ కిందకొస్తుంది. నిస్ట్ అనే గవర్నమెంట్ స్టాండర్డ్స్ సంస్థ వాళ్ళ 800-53 అని కంట్రోల్స్ పుస్తకం ఒకటి ఉంది, ఐదో రివిజన్ 2020లో వచ్చింది, కంట్రోల్స్ 20 ఫ్యామిలీలుగా ఉంటాయి, గవర్నమెంట్ సెక్యూరిటీ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఏసీ-2 అంటే అకౌంట్ మేనేజ్‌మెంట్. అసెసర్ వచ్చి ఏం చేస్తాడంటే, ముందు మీ పాలసీ చూపించండి అంటాడు, తర్వాత అడ్మిన్‌ని కూర్చోబెట్టి మనిషి మానేస్తే అకౌంట్ ఎవరు తీస్తారు ఎన్నాళ్ళకి తీస్తారు అని అడుగుతాడు, తర్వాత హెచ్ఆర్ నుంచి మానేసినవాళ్ళ లిస్టు తెప్పించి యాక్టివ్ డైరెక్టరీ అనే అకౌంట్ల జాబితాలో ఆ పేర్లు ఇంకా బతికున్నాయేమో తనే చూసుకుంటాడు. దొరికాయా, అది ఫైండింగ్, పోయామ్ అనే సరిదిద్దే పనుల పట్టీలోకి ఎక్కుతుంది, ఎవరు సరిచేస్తారో ఎప్పటికో తేదీ వేసి రాయాలి. ఇదంతా నువ్వు బ్యాంకులకి చేసిందే కదా? పేర్లు మారాయి అంతే.

ఆస్టిన్ అక్క:
బాబాయ్ గారు ఫెడరల్ చెప్పారు, నేను స్టేట్ వైపు చెప్తా. నేను ఇక్కడ వెండర్ ద్వారా ఒక స్టేట్ ఏజెన్సీకి చేస్తున్నా, స్టేట్ ఉద్యోగాల రూల్స్ ఒక్కో స్టేట్‌లో ఒక్కోలా ఉంటాయి, చాలాచోట్ల సిటిజెన్‌షిప్ అడగరు, పనిచేసే పర్మిషన్ ఉంటే చాలు, ఈఏడీతో స్పాన్సర్‌షిప్ గొడవ కూడా లేదు కాబట్టి నీకు అది ప్లస్సే. పోస్టింగ్‌లో రాసింది మాత్రం పూర్తిగా చదువు, "యూఎస్ పర్సన్" అని ఉంటే సిటిజెన్ లేదా గ్రీన్ కార్డ్ అని అర్థం, మన హెచ్4 అందులోకి రాదు. స్టేట్‌లో కూడా ఫెడరల్ రూల్స్ తగులుతూనే ఉంటాయి, ట్యాక్స్ డేటా ముట్టుకుంటే ఐఆర్ఎస్ పబ్లికేషన్ 1075, పోలీస్ డేటా అయితే ఎఫ్‌బీఐ వాళ్ళ సీజేఐఎస్ రూల్స్, రెండింటికీ వేలిముద్రలు ఇవ్వాల్సిందే. ఇంకోటి, ట్యాక్స్ డేటా దేశం బయట నుంచి చూడకూడదు, అందుకే ఊరెళ్ళి అక్కడ్నుంచి నెల రోజులు రిమోట్‌లో చేస్తా అంటే ఇలాంటి ప్రాజెక్టుల్లో కుదరదు, చేరేముందే ఇంట్లో చెప్పేసుకో 🙂

మా టెక్సాస్‌కి క్లౌడ్ వెండర్లని చెక్ చేసే సొంత ప్రోగ్రామ్ కూడా ఉంది, టీఎక్స్-ర్యాంప్ అంటారు, ఫెడరల్ వాళ్ళ ఇలాంటి ప్రోగ్రామ్ ఫెడ్‌ర్యాంప్‌కి తమ్ముడనుకో. వెండర్ కంపెనీల్లో కంప్లయన్స్ అనలిస్ట్ పోస్టులు వెతుకు, ఆడిట్ వాళ్ళకి అక్కడ గిరాకీ బానే ఉంటుంది.

నార్త్ కరోలినా తమ్ముడు:
అక్కా ఒక్కమాట. ఈఏడీ ఉందనగానే కన్సల్టెన్సీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాయి, నాకూ ఒకడు రెజ్యూమేలో మూడేళ్ళు యూఎస్ ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దాం ఎవడు చూస్తాడు అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మామూలు ప్రైవేట్ కంపెనీలోనే అది తప్పు, ఫెడరల్ గవర్నమెంట్ ఫారాల్లో అయితే తెలిసి అబద్ధం రాయడం 18 యూఎస్ కోడ్ 1001 కింద నేరం, ఐదేళ్ళ దాకా జైలు. రేపు సిటిజెన్ అయ్యి క్లియరెన్స్‌కి ఎస్ఎఫ్-86 ఫారం నింపేటప్పుడు పదేళ్ళు ఎక్కడున్నావు ఎక్కడ చేశావు అన్నీ అడుగుతారు, అప్పుడు పాత రెజ్యూమే వచ్చి మెడకి చుట్టుకుంటుంది. నాన్న నీ పేరు మీద కొన్న ప్లాటు ఉంటే అదీ రాయాలి, రాస్తే ఏం కాదు, దాస్తేనే తంటా.

కొత్తగా దిగిన చెల్లి:
చాలా థాంక్స్ అండీ అందరికీ, సగం భయం పోయింది. సర్టిఫికెట్ ఏదైనా చెయ్యమంటారా బాబాయ్? అందరూ సీఐఎస్ఎస్‌పీ అంటున్నారు.

మేరీలాండ్ బాబాయ్:
సీఐఎస్ఎస్‌పీకి ఐదేళ్ళ అనుభవం కావాలి, వాళ్ళ ఎనిమిది డొమైన్లలో కనీసం రెండిట్లో, ఐటీ సంబంధ డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. నీ ఆడిట్ ఏళ్ళు లెక్కకొస్తాయి, కాబట్టి నీకు అందని పండేం కాదు. కానీ నన్నడిగితే ముందు ఆడిట్ సర్టిఫికెట్లు ఇచ్చే ఐసాకా వాళ్ళ సిసా చెయ్యి, నువ్వు చేసిన పనికి అది అతికినట్టు ఉంటుంది, ఏజెన్సీ సిసాతో దీనికి చుట్టరికం లేదు. సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికెట్‌ని డిఫెన్స్ కాంట్రాక్టుల్లో బాగా అడుగుతారు కానీ ఆ కాంట్రాక్టులు నీకు ఎలాగూ ఇప్పుడు రావు, దానికి డబ్బు తగలేయకు. సివిలియన్ ఏజెన్సీల కాంట్రాక్టుల్లో కొన్ని క్లియరెన్స్ కన్నా తక్కువ స్థాయి చెక్ అయిన పబ్లిక్ ట్రస్ట్‌తో సరిపెడతాయి, కానీ చాలావాటికి గత ఐదేళ్ళలో మూడేళ్ళు ఇక్కడే ఉండాలని షరతు, అదీ నీకు ఇంకా కాలేదు.

ఈలోపు 800-53కి తనిఖీ పుస్తకం 800-53ఏ నిస్ట్ సైట్‌లో ఫ్రీగా ఉంది, దించుకో. ఒక్కో కంట్రోల్‌కి ఏ కాగితం చూడాలి, ఎవర్ని అడగాలి, ఏది టెస్ట్ చెయ్యాలి అని అందులో రాసే ఉంటుంది. నీ పాత ప్రాజెక్టులు ఒక్కోటి తీసి ఏ కంట్రోల్ కిందకొస్తుందో పక్కన రాసుకో, క్లయింట్ పేర్లు మాత్రం రాయకు. ఆ షీట్ అయ్యాక రెజ్యూమేతో కలిపి నాకు మెసేజ్ చెయ్యి, శని ఆదివారాల్లో చూసి చెప్తా.