అల్సర్ మందులతో పాటు నానో కర్క్యుమిన్ వాడొచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మకి ఎండోస్కోపీలో కడుపులో అల్సర్ ఉందని, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కూడా పాజిటివ్ అని తేలింది. డాక్టరు గారు రెండు యాంటీబయాటిక్స్, కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ రాశారు. అవి ఆపే ఉద్దేశం లేదు. ఆ బ్యాక్టీరియా పోకపోతే పుండు మానినా మళ్ళీ రావచ్చు కదా.

ఈలోపు మా పిన్ని నానో కర్క్యుమిన్, అతిమధురం కలిపిన క్యాప్సూల్స్ తెచ్చింది. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, ఒంటికి పట్టేది చాలా తక్కువ, అందుకే నానోమీటర్ల సైజు రేణువులుగా చేస్తారట. వినడానికి సబబుగానే ఉంది. కానీ నేను చదివిన అల్సర్ ప్రయోగాలు ఎక్కువగా ఎలుకల మీద చేసినవే.

అసలు టెన్షన్ అతిమధురంతో. అందులోని గ్లైసిరైజిన్ బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. అమ్మకి బీపీ ఉంది, నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటుంది. గ్లైసిరైజిన్ తీసేసిన రకమో కాదో డబ్బా మీద లేదు.

ఫార్మసీ, గ్యాస్ట్రో వాళ్ళెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. యాంటీబయాటిక్స్ కోర్సు అయ్యేదాకా ఆగాలా? అతిమధురం లేని నానో కర్క్యుమిన్ అయితే ఫర్వాలేదా? వచ్చే వారం చెకప్‌లో డాక్టరు గారిని ఇంకేం అడగాలి? అప్పటిదాకా అమ్మకి ఇవ్వను.