అద్దె ఆర్వో ట్రైలర్ 'లో సక్షన్ ప్రెజర్' అని ట్రిప్ అవుతోంది, అర్జెంట్

యుటిలిటీస్_సంగారెడ్డి:
నమస్తే అందరికీ. పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ. వచ్చే సోమవారం నుంచి మా ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కొచ్చే నీళ్ల లైను మరమ్మతుకి ఆపుతున్నారు, నాలుగు రోజులు రావన్నారు. అందుకని గంటకి 25 కిలోలీటర్లిచ్చే ఆర్వో ట్రైలర్ (బండి మీద బిగించిన నీళ్ల శుద్ధి యూనిట్) అద్దెకి తెచ్చి ముందుగానే ట్రయల్ వేస్తున్నాం. మొదట బాగానే నడుస్తుంది, ఇరవై నిమిషాలకల్లా 'లో సక్షన్ ప్రెజర్' అని, అంటే హైప్రెజర్ పంపుకి నీళ్లు సరైన ప్రెజర్‌తో అందట్లేదని, దానంతటదే ఆగిపోయి ట్రిప్. రీసెట్ చేస్తే మళ్లీ అంతే, ఈసారి ఇంకా తొందరగా. టెక్నీషియన్ "మీ దగ్గర నీళ్లు చాలట్లేదు" అంటాడు. సంపు చూస్తే నిండుగా ఉంది. ఆ ప్రెజర్ స్విచ్ బైపాస్ చేసి నడిపితే ఏమవుతుంది?

పైపింగ్_కాకినాడ:
స్విచ్ ముట్టుకోకండి. హైప్రెజర్ పంపు నీళ్లు లేకుండా తిరిగితే సీలు, ఇంపెల్లర్లు పోతాయి. హోస్ సైజెంత, పొడవెంత?

జలశుద్ధి:
అన్నిటికంటే ముందు ఒకటి చెప్పండి, ఫీడ్‌లో, అంటే ట్రైలర్‌కి పంపే నీళ్లలో, క్లోరిన్ ఉందా? ఎమర్జెన్సీ అనగానే అందరూ సంపులో బ్లీచింగ్ వేస్తారు. ఆ ట్రైలర్‌లో ఉప్పుని ఆపే పల్చటి పొరలు పాలీఅమైడ్ మెంబ్రేన్లు. వాటికి ఫ్రీ క్లోరిన్ 0.1 పీపీఎం దాటకూడదు. మొత్తం మీద 200 నుంచి 1000 పీపీఎం-గంటలు తగిలితే పొర దెబ్బతిని ఉప్పు దాటిపోవడం మొదలవుతుంది. ఒకసారి పోయిందంటే ఏ క్లీనింగ్‌తోనూ తిరిగి రాదు. కార్ట్రిడ్జ్ ఫిల్టర్ ముందు క్లోరిన్‌ని తీసేసే సోడియం మెటాబైసల్ఫైట్ డోసింగ్ ఉండాలి. లెక్క ప్రకారం 1 పీపీఎం క్లోరిన్‌కి 1.34 పీపీఎం చాలు, ఫీల్డులో 3 పీపీఎం వేసుకోవాలి. డోసింగ్ పంపు తిరుగుతోంది కదా అని ఊరుకోకండి. డోసింగ్ పాయింట్ దాటాక శాంపిల్ తీసి, క్లోరిన్ ఉంటే రంగు మార్చే డీపీడీ బిళ్ల వేసి చూడండి, గులాబీ రంగు అసలు రాకూడదు.

యుటిలిటీస్_సంగారెడ్డి:
సార్, నా సమస్య ప్రెజర్, క్లోరిన్ కాదు. కాకినాడ బ్రదర్, హోస్ మామూలు ఫైర్ హోసే, 63 ఎంఎం. సంపు నుంచి ట్రైలర్ 120 మీటర్లుంటుంది. సంపులో సబ్‌మెర్సిబుల్ ఉంది.

పైపింగ్_కాకినాడ:
గంటకి 25 కిలోలీటర్ల పర్మియేట్ (శుద్ధయిన నీళ్లు) రావాలంటే 75 శాతం రికవరీ దగ్గర ఫీడ్ గంటకి 33 కిలోలీటర్లు. 63 ఎంఎంలో అది సెకనుకి దాదాపు 3 మీటర్ల వేగం. 120 మీటర్లకి సుమారు 16 మీటర్ల హెడ్, అంటే 1.6 బార్ హోస్‌లోనే పోతోంది. అదే 100 ఎంఎం వేస్తే 0.2 బార్ కూడా పోదు. నాలుగు గేజ్‌లు చదివి పెట్టండి: సంపు పంపు డెలివరీ, ట్రైలర్ ఇన్లెట్, కార్ట్రిడ్జ్ ముందు, కార్ట్రిడ్జ్ తర్వాత. స్టార్ట్ అయిన వెంటనే ఒకసారి, ట్రిప్‌కి ముందు ఒకసారి.

ఫైర్_సేఫ్టీ:
ఒక్క మాట. ఆ హోస్‌లు ప్లాంటులోని హోస్ బాక్సుల్లోంచి తీసినవేనా? అయితే ఈరోజే వెనక్కి పెట్టించండి. నీళ్ల సరఫరా లేని నాలుగు రోజుల్లోనే హైడ్రాంట్ అవసరం పడొచ్చు. ఫైర్ ట్యాంకు నీళ్లు కూడా ప్రాసెస్‌కి వాడే ఆలోచన పెట్టుకోకండి. ఆ ట్యాంకు లెవెల్ అలారం పనిచేస్తోందో లేదో ఈ వారమే టెస్ట్ చేయండి. టెంపరరీ లైనుకి హోస్ విడిగా అద్దెకి దొరుకుతుంది.

యుటిలిటీస్_సంగారెడ్డి:
హోస్‌లు స్టోర్‌లో స్పేర్ ఉన్నవే సార్, బాక్సుల్లోవి కావు.
రీడింగులు ఇవి. అన్నీ బార్‌లలో. సంపు పంపు డెలివరీ 4.0. ట్రైలర్ ఇన్లెట్ 2.1. కార్ట్రిడ్జ్ ముందు 2.1, తర్వాత 1.9. ఇది స్టార్టింగ్‌లో. ట్రిప్‌కి ముందు ఇన్లెట్ 2.2, కార్ట్రిడ్జ్ ముందు 2.2, తర్వాత 0.9. స్విచ్ 1.0 దగ్గర సెట్ చేశారు.

పైపింగ్_కాకినాడ:
కార్ట్రిడ్జ్ పూడిపోతోంది. 0.2 ఉండాల్సిన తేడా ఇరవై నిమిషాల్లో 1.3 అయింది. ఇన్లెట్ గేజ్, కార్ట్రిడ్జ్ ముందు గేజ్ రెండూ ఒకే రీడింగ్. మధ్యలో ఉండాల్సిన మల్టీగ్రేడ్ ఫిల్టర్ (ఇసుక, గులకరాళ్ల ఫిల్టర్) ఎక్కడ? తీసిన కార్ట్రిడ్జ్ ఏ రంగులో ఉంది?

యుటిలిటీస్_సంగారెడ్డి:
ఎర్రగా, ఇటుక రంగు. చేత్తో తాకితే జిగురుగా ఉంది, లోపలి పొరలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. కొత్తవి వేసినా అంతే. మల్టీగ్రేడ్ ఫిల్టర్ బైపాస్‌లో పెట్టాం, బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌ని వెనక్కి కడిగిన) నీళ్లు వదలడానికి అక్కడ డ్రెయిన్ లేదు. నీళ్లు బోరు ట్యాంకర్లవి. సంపు 20 కిలోలీటర్లది, నింపినప్పుడల్లా 200 గ్రాముల బ్లీచింగ్ వేస్తున్నాం, అది మామూలేగా.

జలశుద్ధి:
ఇప్పుడు చెప్పారు అసలు సంగతి. బోరు నీళ్లలో కరిగి ఉన్న ఇనుము కంటికి కనపడదు. క్లోరిన్ తగలగానే ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా మారి ఎర్రటి జిగురు ముద్దలా తయారవుతుంది. దాన్నంతా మీ 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ పైపొరలోనే పట్టేస్తోంది. బ్లీచింగ్‌లో కరగని సున్నం ఎలాగూ ఉంటుంది, అదీ తోడయింది. 20 కిలోలీటర్లకి 200 గ్రాములంటే 30 శాతం క్లోరిన్ లెక్కన 3 పీపీఎం. ఇనుము 1 పీపీఎం ఉంటే దానికి 0.64 పీపీఎం క్లోరిన్ చాలు. మిగతాది నేరుగా మెంబ్రేన్ మీదకే పోతోంది. ఇనుము ఉన్నచోట క్లోరిన్ మెంబ్రేన్‌ని ఇంకా తొందరగా తింటుంది.

క్లోరిన్ మొత్తం మానేస్తే చాలదా అంటారేమో. ట్యాంకర్‌లో కుదుపులకి గాలి కలిసి ఇనుము కొంత అప్పటికే మారి ఉంటుంది, అందుకని సంపులోనే పూర్తిగా మార్చి వడకట్టడం మేలు. బ్లీచింగ్ ఆపి 10 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) వాడండి. ఇనుము 1.2 పీపీఎం ఉందనుకుంటే 20 కిలోలీటర్లకి సుమారు 260 మిల్లీలీటర్లు. చివర్లో రెసిడ్యువల్, అంటే మిగిలే క్లోరిన్, 0.5 పీపీఎం రావాలి, ఎక్కువొద్దు. ట్యాంకర్లు ఒక కొసన దించుకుని, పంపు రెండో కొసన పెట్టి, అడుగు నుంచి ఒక అడుగు పైకి వేలాడదీయండి. 33 లెక్కన తోడితే 20 కిలోలీటర్లు 36 నిమిషాలొస్తాయి, సంపు ఎప్పుడూ నిండుగా ఉంచితే కాంటాక్ట్ టైం సరిపోతుంది. ఆ తర్వాత మల్టీగ్రేడ్, దాని తర్వాత మెటాబైసల్ఫైట్ 2 పీపీఎం, అంటే గంటకి 66 గ్రాములు, ఆ తర్వాతే కార్ట్రిడ్జ్. వచ్చిన ప్రతి ట్యాంకర్‌కీ ఐరన్ కిట్‌తో, టీడీఎస్ పెన్నుతో చూసి దించుకోండి. ఒక్కో బోరు నీళ్లు ఒక్కోలా ఉంటాయి.

పైపింగ్_కాకినాడ:
డ్రెయిన్ లేదని ఫిల్టర్ బైపాస్ చేస్తే ఎలా బ్రదర్. ఆ 63 ఎంఎం హోస్ బ్యాక్‌వాష్ లైనుకి తిప్పి ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) కలెక్షన్ ట్యాంకుకి వేయండి. సంపు పంపు నుంచి ట్రైలర్ దాకా 100 ఎంఎం పెట్టుకుంటే మల్టీగ్రేడ్‌లో పోయే 0.5 నుంచి 0.8 బార్‌కి చోటు దొరుకుతుంది. సబ్‌మెర్సిబుల్ కాకుండా బయట పంపు పెడితే మాత్రం దాని సక్షన్ వైపు ఫ్లాట్ హోస్ వద్దు, చప్పిడిగా అతుక్కుపోతుంది. స్ప్రింగ్ ఉన్న హోస్ వేయాలి.

ఈటీపీ_జీడిమెట్ల:
అందరూ ఫీడ్ గురించే మాట్లాడుతున్నారు. రిజెక్ట్, అంటే మెంబ్రేన్ దాటకుండా మిగిలే ఉప్పు నీళ్లు, ఎక్కడికి పోతోంది? గంటకి 8 కిలోలీటర్లు, రోజుకి దాదాపు 200. వానకాలవలో వదిలితే నోటీసు ఖాయం. ఈటీపీకి పంపితే మీ ఈక్వలైజేషన్ ట్యాంకులో అంత ఖాళీ ఉందా? ఎవాపరేటర్ ఉంటే దాని కెపాసిటీ చూశారా?

యుటిలిటీస్_సంగారెడ్డి:
రిజెక్ట్ అంత రాదు సార్, ట్రైలర్ డేటాషీట్లో 97 శాతం అని ఉంది. ట్యాంకర్లు కూడా గంటకి 26 కిలోలీటర్ల లెక్కన బుక్ చేశాం.

ఈటీపీ_జీడిమెట్ల:
97 శాతం అనేది సాల్ట్ రిజెక్షన్ అయి ఉంటుంది, రికవరీ కాదు. రిజెక్షన్ అంటే ఉప్పు ఎంత ఆగుతుందో. రికవరీ అంటే ఫీడ్‌లో ఎన్ని నీళ్లు పర్మియేట్‌గా వస్తాయో.

జలశుద్ధి:
రికవరీ 75 కూడా మీ నీళ్లకి గ్యారంటీ లేదు. మన గ్రానైట్ నేలల్లో బోరు నీళ్లకి సిలికా ఎక్కువ. ఫీడ్‌లో సిలికా 40 పీపీఎం ఉంటే 75 శాతం రికవరీ దగ్గర రిజెక్ట్‌లో 160 అవుతుంది, 25 డిగ్రీల దగ్గర కరిగేది 120 చుట్టూనే. సిలికాకి పనికొచ్చే యాంటీస్కేలెంట్ (స్కేలు పట్టకుండా వేసే మందు) లేకపోతే 60 శాతానికి దించుకోవాలి. అప్పుడు ఫీడ్ 42.

ఈటీపీ_జీడిమెట్ల:
అలా దించితే రిజెక్ట్ 17 అవుతుంది, అది ఎక్కడ పెడతారు? ముందు యాంటీస్కేలెంట్ సంగతి తేల్చండి, రికవరీ దించడం చివరి మాట.

జలశుద్ధి:
సిలికా స్కేలు పడితే మామూలు యాసిడ్‌కి కదలదు. మెంబ్రేన్లు అద్దెవాళ్లవి, బిల్లు మాత్రం మీకే వేస్తారు.

బాయిలర్_ఫస్ట్‌క్లాస్:
అసలు 25 మొత్తం ఆర్వో నీళ్లే కావాలా? కూలింగ్ టవర్‌కి ఎంత, బాయిలర్‌కి ఎంత? టవర్‌కి మల్టీగ్రేడ్ దాటిన నీళ్లు, కావాలంటే సాఫ్ట్‌నర్ మీదుగా ఇచ్చి బ్లోడౌన్ (ఉప్పు చేరిన టవర్ నీళ్లు కొంత వదిలేయడం) పెంచుకుంటే నాలుగు రోజులు గడిచిపోతాయి. ఆర్వో బాయిలర్‌కీ ప్రాసెస్‌కీ ఉంచితే ట్రైలర్ సగం లోడ్ మీద నడుస్తుంది, రిజెక్ట్ గొడవా సగమే. ఇంకొకటి, పర్మియేట్ పీహెచ్ 6 కంటే కిందకి పడొచ్చు, కార్బన్ డయాక్సైడ్ మెంబ్రేన్ దాటి వచ్చేస్తుంది. కాస్టిక్ వేసి 8.5 దాటించకుండా బాయిలర్ ఫీడ్ ట్యాంకుకి పంపొద్దు.

యుటిలిటీస్_సంగారెడ్డి:
టవర్‌కే 14 పోతుంది. ఈ ఆలోచన బాగుంది, మేనేజర్ గారితో మాట్లాడతాను.

పైపింగ్_కాకినాడ:
మెంబ్రేన్ దెబ్బతిని ఉప్పు దాటుతోందో లేదో తెలియాలి, పర్మియేట్ కండక్టివిటీ ఇప్పుడెంత ఉంది? మొదటి రోజు ఎంత ఉండేది?

యుటిలిటీస్_సంగారెడ్డి:
మల్టీగ్రేడ్ లైన్లోకి తెచ్చాం, బ్లీచింగ్ ఆపాం. కార్ట్రిడ్జ్ తేడా రెండు గంటలుగా 0.3 దగ్గరే ఉంది, ట్రిప్ లేదు. 100 ఎంఎం హోస్ రేపొస్తుంది. అందరికీ థ్యాంక్స్. సోమవారం దాకా ట్రైలర్ ఆపి ఉంచాలి, మెంబ్రేన్లని అలాగే వదిలేయొచ్చా?

జలశుద్ధి:
వదలకూడదు. పర్మియేట్‌తో ఫ్లష్ చేయండి. 48 గంటలు దాటితే 1 శాతం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి వాల్వులు మూసేయండి. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మొదటి గంట పర్మియేట్ ట్యాంకుకి కాకుండా డ్రెయిన్‌కి. కండక్టివిటీ అడిగారు, అది చెప్పలేదు మీరు.

ఈటీపీ_జీడిమెట్ల:
ఆ డ్రెయిన్ కూడా ఈటీపీకే.