‘జాజర’ చివరి అక్షరం, చల్లే పాట

మాంబళం సభ్యురాలు:
ఈ వారం గళ్ళనుడికట్టులో ‘వసంతోత్సవపు పాట’ అనే మూడక్షరాల ఆధారానికి ‘జాజర’ అని నింపాను. కానీ చివరి గడి మీదుగా దిగే నిలువు పదం ‘కొఱత’ కావడంతో ‘జాజఱ’ అని దిద్దవలసి వస్తోంది. అంతకన్నా పెద్ద సందేహం మరొకటి ఉంది. ‘జగడపు చనవుల’ కీర్తనలో అన్నమయ్య ‘చల్లే రతివలు జాజర’ అన్నాడు కదా, పాటను చల్లడమేమిటి?

మైలాపూరు సభ్యుడు:
అమ్మా, ఆ కీర్తన చివరి చరణమే మీకు జవాబు. ‘వెలదులు నించేరు సంకుమదంబుల జాజర’ (స్త్రీలు జవ్వాదిని నింపుతున్నారు) అన్నచోట జాజర అంటే పరిమళద్రవ్యమే తప్ప పాట కానేరదు. ఆధారం ఇచ్చినవారే పొరబడ్డారని నా నిశ్చితాభిప్రాయం. ఇక ర-ఱల విషయంలో అన్నమయ్య మనకు సాయపడడు. ఆ అక్షరం ప్రాసస్థానంలో, అంటే పాదంలో రెండో అక్షరంగా, పడితే తేలిపోయేదే గాని, ఈ కీర్తనలో ఆ మాట ఎప్పుడూ పాదం చివరనే ఉంది.

అడయారు సభ్యుడు:
పెద్దలు మన్నించాలి. శ్రీహర్షుని సంస్కృత నాటకం రత్నావళి తొలి అంకంలో, వసంతకాలపు మదనోత్సవ వేళ, పౌరుల ‘చర్చరీధ్వని’ (చర్చరి అనే పాట సవ్వడి) మృదంగాలతో కలిసి వినిపిస్తుంది. ఆ చర్చరియే ప్రాకృతం మీదుగా మన జాజర అయిందని నేను నమ్ముతాను; కాబట్టి పాటే ముందు, చల్లే పరిమళం తర్వాత. తెలంగాణలో హోలీ రోజుల్లో పిల్లలు కోలలు కొడుతూ ఇంటింటా పాడేవి నేటికీ ‘జాజిరి’ పాటలే. చర్చరి చివరి ‘రి’ అక్కడ చెక్కుచెదరకుండా నిలిచింది. అది సాధురేఫమే (ర) గనుక శకటరేఫానికి (ఱ) ఇక్కడ చోటు లేదు.

పెరంబూరు సభ్యురాలు:
ఒకటైతే రెండోది కాకూడదని ఎందుకు పట్టుబడుతున్నారు? గొబ్బి అంటే పేడముద్ద, దాని చుట్టూ చప్పట్లు చరుస్తూ తిరిగే ఆట, ఆ ఆటకు పాడే పాట కూడా. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాల వరసలోనే గొబ్బి పదాలనూ చెప్పాడు. ‘కొలని దోపరికి గొబ్బిళ్ళో’ అని అన్నమయ్య ఎత్తుకుంటే ఆడపిల్లల వాకిటి పాట అలాగే కీర్తన అయిపోయింది. రోకటి సువ్వినీ, ఉయ్యాల జోలనూ కూడా ఆయన విడిచిపెట్టలేదు. పల్లె గొంతును అంత ప్రేమగా విన్న వాగ్గేయకారుడు నాకు మరొకరు కనబడరు.

మైలాపూరు సభ్యుడు:
అన్నమయ్య మీద నాకున్న భక్తి తక్కువేమీ కాదమ్మా. అయితే చర్చరి వాదం వినసొంపుగా ఉన్నా, పాటను ‘నించడం’ ఎలాగో అడయారు వారు ఇంకా చెప్పలేదు.

మాంబళం సభ్యురాలు:
పల్లవి రెండో పాదం ‘సగినల మంచపు జాజర’ను ఎవరూ ముట్టుకోలేదు. ఆ ‘సగిన’ శకునానికి వికృతి అయితే, మంచానికీ వసంతాలకీ నడుమ ఆ శకునం ఏమిటి?