నేరస్థుల అప్పగింత కోరడానికి ఏ పత్రాలు, ఎంత సాక్ష్యం కావాలి?

ప్రశ్న:
అంతర్జాతీయ న్యాయం చదువుతున్నాను. పరాయి దేశంలో ఉన్న నిందితుణ్ణి అప్పగించమని కోరేటప్పుడు అరెస్టు వారెంటు పంపితే సరిపోతుందని కొందరు, నేరాన్ని సాక్ష్యాలతో రుజువు చేయాలని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైనది? రెడ్ నోటీసు (పరారీలో ఉన్నవారిని వెతికి పట్టుకోమని ఇంటర్‌పోల్ అనే అంతర్జాతీయ పోలీసు సంస్థ పంపే నోటీసు) ఉంటే ఇవేవీ అక్కర్లేదా?

మొదటి సమాధానం:
అది రెండు దేశాల మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుందండీ. 1957 నాటి ఐరోపా అప్పగింత ఒడంబడిక 12వ అధికరణం ప్రకారం శిక్షాతీర్పు లేదా అరెస్టు వారెంటు అసలు ప్రతి గానీ ధ్రువీకరించిన నకలు గానీ, నేరం ఎప్పుడు ఎక్కడ జరిగిందో, ఏ సెక్షన్ల కిందికి వస్తుందో తెలిపే వివరణ, ఆ చట్టాల పాఠం, మనిషిని గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్లు జతచేయాలి. సాక్షుల వాంగ్మూలాలను ఆ అధికరణం అడగదు. ఆంగ్ల న్యాయ సంప్రదాయం పాటించే అనేక దేశాలు మాత్రం, ఒప్పందంలో మినహాయింపు లేకపోతే, ప్రాథమికంగా కేసు ఉందని చూపే సాక్ష్యం కోరతాయి. అక్కడ కూడా నేరం రుజువు కానక్కర్లేదు, విచారణ జరపడానికి తగినంత ఆధారం ఉందా అన్నదే ప్రశ్న. రెడ్ నోటీసు ఇంటర్‌పోల్ ద్వారా సభ్యదేశాలకు వెళ్లే విజ్ఞప్తి మాత్రమే కాబట్టి అది ఈ పత్రాలకు బదులు కాదు.

రెండవ సమాధానం:
ఇలాంటి దస్త్రాలను అనువదించిన అనుభవంతో చెబుతున్నాను, అన్నిటికన్నా శ్రద్ధగా రాయవలసింది నేర వివరణ. అదే పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి కనుక, ‘మోసం చేశాడు’ అని ఊరుకుంటే అవతలి న్యాయమూర్తి తమ చట్టంతో దాన్ని పోల్చి చూడలేరు. ఫలానా తేదీన, ఫలానా సంతకాన్ని ఫోర్జరీ చేసి, ఇంత సొమ్మును ఈ ఖాతా నుంచి ఆ ఖాతాకు మళ్లించాడని రాయాలి. ఒక దస్త్రంలో తండ్రి పేరు వారెంటులో ఒక విధంగా, పాస్‌పోర్టు నకలులో మరో విధంగా ఉండటం చూశాను. వేలిముద్రలు, ఫోటో జతచేసి ఉంటే ఆ ఒక్క అక్షరం గురించి అంత ఉత్తరప్రత్యుత్తరం నడిచేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నిందితుడు లేకుండానే తీర్పు వచ్చి ఉంటే? పత్రాలు ఆలస్యమైతే?

మూడవ సమాధానం:
1990 నాటి ఐక్యరాజ్యసమితి నమూనా ఒప్పందం 5వ అధికరణం ప్రకారం, పరోక్షంలో శిక్ష పడినవారికి తమ వాదన సిద్ధం చేసుకోవడానికి, లేదా తమ సమక్షంలో తిరిగి విచారణ కోరడానికి ఉన్న న్యాయమార్గాలను కూడా అప్పగింత కోరే దేశం తెలపాలి. న్యాయంగా చూసినా ఆ హామీ లేకుండా మనిషిని పంపమనడం తగదు. ఇక గడువు విషయానికొస్తే, ఐరోపా ఒడంబడిక కింద తాత్కాలికంగా అరెస్టు చేసిన వ్యక్తిని 18 రోజుల్లో పత్రాలు అందకపోతే విడిచిపెట్టవచ్చు, 40 రోజులు దాటి మాత్రం ఉంచకూడదు. అందువల్ల అనువాదాలు, ధ్రువీకరణలు అరెస్టు కోరకముందే సిద్ధం చేసుకోవడం మంచిది.