మండేలాను మెచ్చుకుంటే ఆ అమ్మాయి ఎందుకు లేచి వెళ్లిపోయింది?

జొహానెస్‌బర్గ్, వచ్చి మూడు వారాలు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద విశాఖపట్నం నుంచి వచ్చాను, శాండ్టన్‌లో ఉంటున్నాను. మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మండేలా గొప్పతనం గురించి మాట ఎత్తాను. ఎదురుగా కూర్చున్న సొవెటో (నల్లజాతివారి పేట) అమ్మాయి "మీకు ఆయన మంచివాడే" అని, డబ్బా మూసుకుని లేచి వెళ్లిపోయింది. పొగిడినా తప్పేనా? ఇక్కడ ఎవరి గురించి ఎలా మాట్లాడాలో కాస్త చెప్పండి.

జొహానెస్‌బర్గ్, 14 ఏళ్లు:
మీ తప్పేమీ లేదు, ఆ అమ్మాయిదీ లేదు. మనకు మండేలా పాఠ్యపుస్తకంలో తెలుసు. ఆమె ఆయన వదిలి వెళ్లిన దేశంలో బతుకుతోంది. 1994 ఏప్రిల్ 27న అందరికీ ఓటు వచ్చింది. భూములు, గనులు, బ్యాంకులు మాత్రం చాలావరకు పాత చేతుల్లోనే ఉండిపోయాయి. పని వెతుక్కునేవారిలో దాదాపు ముగ్గురికి ఒకరు ఇవాళ్టికీ ఖాళీగానే ఉన్నారు. శాండ్టన్‌లో ఏదైనా ఎత్తయిన మేడ ఎక్కి తూర్పుకు చూడండి. అద్దాల భవనాల తర్వాత పెద్ద రహదారి, దాని అవతల అలెగ్జాండ్రా రేకుల ఇళ్లు. నాలుగైదు కిలోమీటర్ల దూరం కూడా ఉండదేమో. తెల్లవారితో కుదుర్చుకున్న రాజీ వల్ల ఎవరికి ఏమి దక్కిందన్నది ఆ అమ్మాయి తరం అడుగుతున్న ప్రశ్న. అది మండేలా మీద ద్వేషం కాదు.

ఈ వాదంలో ఆయనకు ఎదురుగా వినిపించే పేరు విన్నీ, అప్పటి ఆయన భార్య. భర్త 27 ఏళ్లు జైల్లో ఉంటే బయట పోలీసుల బాధలన్నీ పడ్డది ఆమె. 1977లో బ్రాండ్‌ఫోర్ట్ అనే మారుమూల ఊరికి తరిమేశారు. ఆమె చుట్టూ తిరిగిన ముఠా చేసిన ఘోరాలకు ఆమె రాజకీయంగా, నైతికంగా జవాబుదారీ అని డెస్మండ్ టుటు అధ్యక్షుడుగా ఉండి, వర్ణవివక్ష నాటి నేరాలను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ తేల్చింది. అయినా 2018లో ఆమె పోయినప్పుడు అంత్యక్రియలకు సొవెటోలోని ఓర్లాండో స్టేడియానికి వేలమంది వచ్చారు. రెండూ నిజాలే. ఇక 2018లో దేశాధ్యక్షుడైన రామఫోసా. గని కార్మికుల సంఘం కట్టిన మనిషి, రాజ్యాంగ చర్చల్లో ముందు నిలిచిన మనిషి. 2012 ఆగస్టు 16న మారికానాలో పోలీసులు 34 మంది గని కార్మికులను కాల్చి చంపిన నాటికి ఆయన ఆ గని కంపెనీ బోర్డులో ఉన్నారు. విచారణ కమిషన్ ఆయన్ను దోషిగా చూపలేదు. గనుల దగ్గర ఆ మాట చెప్పి చూడండి, ఎవరూ ఒప్పుకోరు.

జొహానెస్‌బర్గ్, వచ్చి మూడు వారాలు:
అర్థమయింది. మరి మన భారతీయుల సంగతి? మా మేనేజరు ఇంటిపేరు నాయుడూ. తెలుగులో పలకరిస్తే నవ్వి ఊరుకున్నారు.

డర్బన్, 22 ఏళ్లు:
నాయనా, ఆయన్ను "మీది ఏ ఊరు?" అని మాత్రం అడగకు. చాట్స్‌వర్త్ (డర్బన్‌లో భారతీయుల పేట) అంటారు, అదే నిజం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడలో మొదటి కూలీలు ఇక్కడ దిగారు. 1911 దాకా లక్షన్నర మందికి పైగా చెరకు తోటలకు వచ్చారు, వారిలో మనవాళ్లు చాలామంది. భాష తరం తరానికీ జారిపోయింది. 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది. నేను చూసిన ఒక ముసలావిడకు తెలుగులో వాక్యం రాదు, రామ భజన మాత్రం తప్పు లేకుండా పాడుతుంది. "మీకు తెలుగు రాదా?" అని నువ్వు ఆశ్చర్యపోతే ఆవిడకు ఎలా ఉంటుందో ఆలోచించు.

భారతీయుడనగానే ఇక్కడివారికి రెండు ముఖాలు గుర్తొస్తాయి. ఒకటి భారత్ నుంచి వచ్చిన వ్యాపారులు గుప్తా సోదరులు. 2013లో వారి ఇంటి పెళ్లికి అతిథుల విమానం ఏకంగా వాటర్‌క్లూఫ్ సైనిక వైమానిక స్థావరంలో దిగింది. అప్పటి అధ్యక్షుడు జూమా ప్రభుత్వంలో వారి చెయ్యి ఎంత లోతుగా ఉందో 2016లో ప్రభుత్వంపై ఫిర్యాదులు విచారించే అధికారి తులి మడొన్సెలా నివేదిక బయటపెట్టింది. రెండో ముఖం మా డర్బన్ బిడ్డ ప్రవీణ్ గోర్ధన్, ఆర్థిక మంత్రిగా ఖజానా దోపిడీకి అడ్డుగా నిలబడి 2017లో పదవి పోగొట్టుకున్నాడు. నిన్ను ఏ ముఖంతో పోలుస్తారో నీ నడవడి మీదే ఉంటుంది.

2021 జూలైలో జూమా జైలుకు వెళ్లాక చెలరేగిన అల్లర్లలో ఫీనిక్స్ అనే మన భారతీయుల పేటలో ముప్పై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది నల్లజాతివారు. గాంధీ 1904లో ఆశ్రమం పెట్టిన చోటికి పక్కనే. ఆ వారం నేను ఇల్లు కదలలేదు. అప్పటి నుంచి గాంధీ పేరు నేనుగా ఎత్తను.

జొహానెస్‌బర్గ్, 14 ఏళ్లు:
ఇంకొన్ని. ఉద్యోగాల్లో నల్లజాతివారికిచ్చే ప్రాధాన్యంలో ఇక్కడి భారతీయులూ ఉన్నారు. నిన్న విమానం దిగిన మనం లేము, ఆ లెక్కకు గీత మళ్లీ 1994 ఏప్రిల్ 27, అంతకుముందే ఇక్కడి పౌరులైనవారికే అది. పనికి వచ్చే ఆవిడను "గర్ల్" అనకండి, పాత రోజుల అవమానం అది. పెద్దావిడైతే "మా" అనండి. కనీస వేతనం చట్టంలో ఉంది, నిరుద్యోగ బీమాలో ఆమె పేరు రాయించడం మీ పని. తెలుగులో అంటే వారికి అర్థం కాదులే అనుకుని నోరు జారకండి. మన ముఖం ముందే చెప్పేస్తుంది. కరెంటు కోతలు తగ్గాయి కానీ ఇన్వర్టరు అమ్మకండి.

వీలైతే శనివారం కాన్‌స్టిట్యూషన్ హిల్‌కి రండి. గాంధీని, మండేలాను, విన్నీని బంధించిన జైలు అది. విచారణ ఖైదీల గదులు కూల్చి, ఆ ఎర్ర ఇటుకలతోనే రాజ్యాంగ న్యాయస్థానం గోడ కట్టారు. పది గంటలకు గేటు దగ్గర ఉంటాను. ఆ అమ్మాయిని కూడా అడిగి చూడండి.

జొహానెస్‌బర్గ్, వచ్చి మూడు వారాలు:
అడిగాను. శనివారం వాళ్ల పిన్ని ఇంట్లో ఏదో పని ఉందట. పై వారం చూద్దామంది. నేను మాత్రం వస్తాను.